ఆకూ వక్కా ఇచ్చి తెచ్చిన రాట్నాలు

నరసరావుపేట,
1947 జనవరి 8

అక్కకు నమస్కారం. బావగారికి కూడా చెప్పు, ఆయన పేపరు మీద నుంచి తల ఎత్తినప్పుడు.

నేను కులాసా. అన్నం వండడం నేర్చుకున్నాను. దాన్ని తినడమే ఇంకా అలవాటు కాలేదు.

ఈ ఉత్తరం ఎందుకంటే, నేను పల్నాడు తిరగడానికి బయలుదేరుతున్నాను. రాట్నాల కోసం. నవ్వకు. మొన్న ఇక్కడొక ఇంటికి వెళ్తే రాట్నం మీద బుట్ట పెట్టి కోడిని పొదగేశారు. ఆ రాట్నం ఇస్తావా పెద్దమ్మా అంటే, "పిల్లలు దిగినాక తీసకపో నాయనా" అంది. ఇరవై ఒక్క రోజులు ఆగి తెచ్చుకున్నాను. అది నా ఏడో రాట్నం. అన్ని ఇళ్ళలోనూ ఇదే గతి. ఇంకో రెండేళ్ళు ఊరుకుంటే అన్నీ పొయ్యిలోకి పోతాయి.

మొత్తం పన్నెండు కావాలి నాకు. పన్నెండే ఎందుకంటే, జైల్లో మా గదిలో పన్నెండు మందిమి కూర్చుని వడికేవాళ్ళం. బయటికొచ్చాక ఒక్కణ్ణే వడుకుతుంటే ఆ చప్పుడు చాలడం లేదక్కా. పన్నెండు రాట్నాలూ ఒక్క కప్పు కింద పెట్టి, వచ్చిన వాళ్ళకల్లా వడకడం నేర్పాలని నా కోరిక. ఇంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

దొరికినవి దొరికినట్టు మాచర్లకు పంపిస్తాను. మీ వరండాలో కాస్త చోటు చూడు. నా పెట్టె రాట్నం మాత్రం నా చంకలోనే ఉంటుంది. జైలు నుంచి తెచ్చుకున్నది కదా, దాని మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వనని నీకు తెలుసు. నీ చెయ్యి కూడా.

పెళ్ళి మాట మాత్రం ఎత్తకు. స్వరాజ్యం వచ్చేదాకా చేసుకోనని ఒట్టు పెట్టుకున్న మాట మరిచిపోకు.

నీ తమ్ముడు
బాలకోటయ్య

*

మాచర్ల,
జనవరి 20

చిరంజీవి బాలకోటయ్యను అక్క పున్నమ్మ మనసారా దీవించి రాస్తున్నది.

నీ ఉత్తరం చదివాను. ముప్ఫై నాలుగేళ్ళు వచ్చాయి నీకు. నీ ఈడు వాళ్ళు సంబంధాల కోసం ఊళ్ళు తిరిగి పిల్లల్ని కూడా కన్నారు, నువ్వు రాట్నాల కోసం తిరుగుతానంటున్నావు. సరే, తిరుగు. వరండాలో మీ బావ పడక కుర్చీ ఒక పక్కకు జరిపించాను. ఆయన పేపరు మడిచి మళ్ళీ విప్పుకున్నారు.

అయితే ఒక్క మాట చెప్తాను, చెవిలో పెట్టుకో. నువ్వు పేటలో పెరిగిన వాడివి, ఈ పడమటి ఊళ్ళ పద్ధతులు నీకు తెలియవు. ఇక్కడ ఎవరింటి రాట్నమూ ఊరికే తీసుకోకూడదు. పళ్ళెంలో ఆకు, వక్క, పసుపు, కుంకుమ, ఒక రవికెల గుడ్డ పెట్టి ఇచ్చి, అప్పుడు తీసుకోవాలి. ఆ పళ్ళెం పెద్దవాళ్ళ చేతికి ఇవ్వకు. ఆ రాట్నం మీద ఎవరు వడుకుతారో వాళ్ళ చేతికే ఇవ్వు. ఇది ఇక్కడి ఆచారం. ఎందుకూ ఏమిటీ అని అడక్కు.

ముందు దుర్గికి వెళ్ళు. మీ బావ వైపు దూరపు చుట్టాలున్నారు, కొండమ్మ అని వాళ్ళ అమ్మాయి, చక్కగా వడుకుతుంది. ఆ ఊరి శిల్పులు చెక్కిన రాతి దిమ్మె మీద నిలబెట్టిన రాట్నమట వాళ్ళది. నువ్వు అలాంటిది చూసి ఉండవు. ముందు దుర్గి, ఆ తర్వాతే మిగతా ఊళ్ళు. వింటున్నావా?

పున్నమ్మ

*

వెల్దుర్తి,
ఫిబ్రవరి 9

అక్కకు, ఎర్రటి దుమ్ములో మునిగి తేలిన తమ్ముడి నమస్కారాలు.

దుర్గికి ఇంకా వెళ్ళలేదు, కోప్పడకు. రాతి దిమ్మె రాట్నం అని నువ్వు రాసినప్పటి నుంచి నాకు అదే ధ్యాస. అందుకే దాన్ని ఆఖరికి అట్టే పెట్టుకున్నాను. చిన్నప్పుడు అరిసె అంచులన్నీ తిని నడుమ ముక్క దాచుకునేవాణ్ణి, గుర్తుందా? నువ్వు దాన్ని తినేసేదానివి.

ఇక్కడ పెద్దన్న గారని మంచి రైతు, మనవాళ్ళే. వాళ్ళమ్మాయి సుబ్బులమ్మ రాట్నం తుమ్మచెక్కతో చేసింది. చక్రానికి పదహారు ఆకులు, ఒక్కటి కూడా కదల్లేదు. నువ్వు చెప్పినట్టే పళ్ళెం సర్ది ఆ అమ్మాయి చేతికే ఇచ్చాను. ఇవ్వగానే ఇంట్లో అందరూ చేస్తున్న పని వదిలి వచ్చి చుట్టూ నిలబడ్డారు. తర్వాత వాళ్ళ నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత గారెలు, కోడికూర, రెండు పూటలా నెయ్యి. ఖద్దరు వేసుకున్న వాడికి ఇంత మర్యాద నేను పేటలో ఎన్నడూ చూడలేదు. పల్నాటి వాళ్ళ దేశభక్తి చానా గొప్పది.

పెద్దన్న గారు నా నక్షత్రం అడిగారు, పొలం ఎంత ఉందని అడిగారు, జైల్లో రోగాలేమైనా వచ్చాయా అని కూడా అడిగారు. జైలుకు పోయి వచ్చిన వాళ్ళంటే జనానికి ఎంత శ్రద్ధో చూడు. రాట్నాన్ని వాళ్ళ బండి మీదే పంపిస్తున్నారు. పసుపు రాశారు, తుడవకు.

బాలకోటయ్య

*

మాచర్ల,
ఫిబ్రవరి 26

తమ్ముడికి దీవెనలు. నిన్ను తలుచుకుంటే దీవించడానికి చెయ్యి లేవడం లేదు, అయినా దీవిస్తున్నాను.

దుర్గికి పొమ్మంటే వెల్దుర్తిలో దిగడం ఏందిరా? రాట్నం వచ్చింది. దాని వెనక బండిలో పెద్దన్న, ఆయన తమ్ముడు, ఒక బస్తా జొన్నలు కూడా వచ్చాయి. మంచినీళ్ళిచ్చి, ఏదో మాట్లాడి పంపించాను. ఏం మాట్లాడానో నాకే తెలియదు.

ఈ ఉత్తరం అందిన క్షణం నుంచి ఎవరికీ ఆకూ వక్కా ఇవ్వకు. దుర్గి చేరేదాకా పళ్ళెం బయటికి తియ్యకు. దుర్గిలో మాత్రం తప్పకుండా తియ్యి.

ఇంకో సంగతి. ఇంగ్లీషు వాళ్ళు వచ్చే ఏడు జూన్ కల్లా వెళ్ళిపోతారట, పేపర్లో పడిందని మీ బావ చదివి వినిపించారు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆయన నాకు చదివి వినిపించిన మొదటి వార్త ఇది. నీ ఒట్టుకు గడువు దగ్గర పడిందని ఆయనకూ తోచినట్టుంది.

పున్నమ్మ

*

రెంటచింతల,
మార్చి 18

అక్కకు నమస్కారాలు.

జనవరి తర్వాత నీ ఉత్తరం ఒక్కటీ అందలేదు. వెల్దుర్తికి రాశావేమో, నేను అక్కడి నుంచి ఎప్పుడో కదిలాను. ఉత్తరం లేదంటే అంతా సవ్యంగా ఉన్నట్టే అనుకుంటున్నాను.

శుభవార్త. కారెంపూడిలో ఒకటి, ఇక్కడ ఒకటి దొరికాయి. నీ మాట ఒక్క పొల్లు కూడా జవదాటలేదు. రెండు చోట్లా పళ్ళెం పెట్టాను, వడికే అమ్మాయి చేతికే ఇచ్చాను. రవికెల గుడ్డలు నేను వడికిన నూలుతో నేయించినవే. కారెంపూడి అవ్వగారైతే ఆ గుడ్డను వీధంతా తిప్పి చూపించి వచ్చింది.

ఈ ప్రాంతం వాళ్ళలో నాకు బాగా నచ్చింది వరసలు కలుపుకోవడం. ముక్కూ మొహం తెలియని వాణ్ణి కూడా మామా, బాబాయ్ అని పిలుస్తారు. ఇక్కడి ఇంటాయన నన్ను గట్టిగా కావలించుకుని, "అల్లుడూ, ఇంక నీదే భారం" అన్నాడు. రాట్నం భారం గురించే అనుకుని, నేనే మోసుకెళ్తాను లెండి మామగారూ అన్నాను. ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. రాట్నమంటే అంత మమకారం ఉన్న మనిషిని నేను చూడలేదు.

పది అయ్యాయి. తర్వాత గురజాల. అక్కడ దూది ఏకే మౌలాలీ నాకు పాత స్నేహితుడు. అతని పేరు మీద రాయి.

బాలకోటయ్య

*

మాచర్ల,
ఏప్రిల్ 2

తమ్ముడికి,

దీవెనలు తర్వాత. ముందు ఈ ఉత్తరం నిలబడి చదువు, కూర్చుంటే ఆలస్యమవుతుంది.

నిన్న ఇంటికి మూడు ఊళ్ళ వాళ్ళూ ఒకేసారి వచ్చారు. వెల్దుర్తి పెద్దన్న వరండాలో కూర్చున్నాడు. రెంటచింతల ఆయన్ని పడమటింట్లో కూర్చోబెట్టాను. కారెంపూడి అవ్వను వంటింట్లో పెట్టి తలుపు దగ్గరికి వేశాను. ఒకరికి తెలియకుండా ఒకరికి మజ్జిగ ఇస్తూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇంట్లోనే కోసెడు దూరం నడిచి ఉంటాను. వాళ్ళెవరని ఒకళ్ళడిగితే నూలు కొనే వాళ్ళన్నాను, ఇంకొకళ్ళడిగితే మీ బావ చుట్టాలన్నాను. మీ బావ పడక కుర్చీ గొడ్ల సావిట్లోకి పోయింది. ఆయన అక్కడే పేపరు చదువుతున్నారు. గేదె ఆ పేపరు అంచు నమిలింది.

ఇంకెక్కడా ఎవరి రాట్నమూ ముట్టుకోకు. ఎందుకని అడక్కు. అడిగితే చెప్పాలి, చెప్పడానికి నాకు మొహం చెల్లడం లేదు. నేరుగా దుర్గికి పో, లేకపోతే నేరుగా ఇక్కడికి రా.

పున్నమ్మ

*

గురజాల, మౌలాలీ ఇంటి నుంచి,
ఏప్రిల్ 15

అక్కకు,

నీ ఉత్తరం అందింది. అది అందేసరికే నాకు అంతా తెలిసిపోయింది.

ఎలా తెలిసిందో చెప్తాను. మౌలాలీ వాళ్ళమ్మ అమీనా బీకి ఒక పాత రాట్నం ఉంది, కదురు వెంట్రుకంత సన్నం. నీ మాట ప్రకారం పళ్ళెం సర్ది ఆ పెద్దావిడ చేతిలో పెట్టాను. ఆమె పళ్ళేన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఏంది నాయనా ఇది?"

"మీ వైపు ఆచారమట కదా, మా అక్క చెప్పింది."

"ఆచారమేలే. కాకపోతే నాకు డెబ్బై నిండినయ్. మావాణ్ణి ఒక మాట అడిగి చెప్తా."

మౌలాలీ దూదేకే విల్లు కింద పడేసి నవ్వాడు. ఏకిన దూదంతా ఇల్లంతా లేచింది. నాకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. అప్పుడు ఆమె నన్ను కూర్చోబెట్టి చెప్పింది: "పెండ్లి గాని పిల్ల రాట్నాన్ని మగోడు ఆకూ వక్కా ఇచ్చి తీసకపోతే ఈ చుట్టుపక్కల సంబంధం ఖాయమైనట్టే. మీ అక్క మాచర్ల కోడలు గదా, ఆమెకి తెలవకుండా ఎట్టా ఉంటది?"

పెళ్ళే వద్దని ఒట్టు పెట్టుకున్న వాణ్ణి నేను, అక్కా. నాకిప్పుడు మూడు ఊళ్ళలో ముగ్గురు మామగార్లు. వాళ్ళలో ఒకాయన నా భుజం మీద పడి ఏడ్చాడు, నేను రాట్నం కోసమనుకుని ఓదార్చాను.

నాకు నవ్వు రావడం లేదు. రాట్నం వెళ్ళిపోయిన పిల్లను అది తిరిగొచ్చేదాకా ఇంకో సంబంధానికి చూపించరట. ముగ్గురు ఆడపిల్లల్ని నేను ఇంట్లో కట్టి పడేశాను. అందుకని మూడు రాట్నాలూ తిరిగి ఇచ్చేస్తాను. పన్నెండూ ఒక చోట ఉంటే వినాలని ఎంత ఆశపడ్డానో నీకు తెలుసు. పోతే పోనీ. ఇలా తెచ్చినవి పక్కన పెట్టుకుని నేను వడకలేను.

ఊరికే తిరిగిస్తే పిల్లకు మాటొస్తుందట. కదురు నిండా నూలు వడికి ఇస్తే, అన్న చెల్లెలికి పెట్టినట్టు లెక్కట. అన్న తరఫున ఇంటి ఆడపడుచు వడికినా చెల్లుతుందని అమీనా బీ చెప్పింది. ఆడపడుచువు నువ్వే. మూడు కదుర్లు. కూర్చుని వడుకు. వడికినాక రాట్నాల్ని రైలు పార్శిల్లో ఇక్కడికి పంపు, బండి కట్టుకుని నేనే తిప్పి ఇచ్చి వస్తాను.

అమీనా బీ తన రాట్నం నాకు ఊరికే ఇచ్చేసింది. "నాకు పళ్ళెం అక్కర్లే" అంది.

బాలకోటయ్య

*

మాచర్ల,
మే 6

నాయనా బాలకోటయ్యా,

తప్పు నాదే. ఇదిగో, సిరాతో రాశాను, దాచుకుని ఎప్పుడు కావాలంటే అప్పుడు చూపించి నన్ను తిట్టు.

కొండమ్మ ఒక్కర్తె రాట్నం నువ్వు తెస్తే చాలనుకున్నాను. తెచ్చాక, ఇదిరా సంగతి అంటే నువ్వు కాదనలేవనుకున్నాను. నువ్వు మిగతా ఊళ్ళన్నీ తిరిగి దుర్గిని అరిసె ముక్కలాగా దాచుకుంటావని నేను కలగన్నానా? నువ్వు జైలు నుంచి వచ్చిన రోజు స్టేషన్లో నీ చెయ్యి పట్టుకున్నాను, గుర్తుందా? చేతికి ఎముకలే తగిలాయి. ఆ రోజు నుంచి నేను అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా, వాడు అక్కడ ఏం వండుకున్నాడో, అసలు తిన్నాడో లేదో అనుకుంటాను. అంత దూరాన నువ్వొక్కడివే ఉంటే నాకు భయంరా. అందుకే చేశాను. చేసిన పద్ధతి మాత్రం తప్పు.

నూలు వడికాను. పదేళ్ళ తర్వాత కదురు పట్టుకుంటే దారం లేచింది లేచినట్టు తెగింది. మొదటి కదురు నిండేసరికి నడుం పట్టేసింది. రెండో దానికి మీ బావ గొడ్ల సావిట్లో నుంచి వచ్చి, "ఇటు జరుగు" అని కూర్చున్నారు. ఆయన మొదట వడికిన దారంతో గేదెను కట్టేయొచ్చు. నాలుగు రోజులకు కాస్త సన్నబడింది. చివరికి పేపరు వచ్చినా పక్కన పెట్టించి వడికారు.

మూడు రాట్నాలూ నిన్న పార్శిల్లో వేశాను. దుర్గికి ఇక పోనక్కర్లేదు. నువ్వు రావని కొండమ్మకు కబురు చేశాను. జరిగిందంతా కూడా చెప్పించాను. దాచి చేసిన పనితో నాకు బుద్ధొచ్చింది.

పున్నమ్మ

*

దుర్గి,
జూన్ 12

అక్కకు, బావగారికి నమస్కారాలు. బావగారి నూలు గురించి కింద రాస్తాను.

ముందు వెల్దుర్తి. పెద్దన్న గారు నన్ను లోపలికి రమ్మనలేదు. సుబ్బులమ్మే వచ్చి కదురు చూసింది. "ఎవురు వడికారు?" అంది. మా అక్క అన్నాను. "అందుకే ముళ్ళు ముళ్ళుగా ఉంది" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి చెప్పింది, వాళ్ళ మేనమామ ఈ నాలుగు నెలలూ సరిగ్గా అన్నం తినలేదట. ఆ పిల్లకూ మేనమామ మీదే మనసట. నేను తిరిగి రాకపోతే ఏమయ్యేదో. బండెక్కబోతుంటే పిలిచి, నూలు విప్పుకుని, రాట్నాన్ని మళ్ళీ బండిలో పెట్టింది. "ఇంక అన్నవే గదా. అన్నకి ఇస్తే ఎవురేమంటారు, తీసకపో" అంది.

రెంటచింతలలో కూడా అలాగే ఇచ్చారు. అక్కడ మామగారు, అంటే ఆ ఇంటాయన, ఈసారి కూడా ఏడ్చాడు. ఆయన దేనికైనా ఏడుస్తాడని ఇప్పుడు తెలిసింది. కారెంపూడి అవ్వ మాత్రం రాట్నం లాక్కుని తలుపేసుకుంది. ఎండగా ఉందని మళ్ళీ తలుపు ఓరగా తీసి, చెంబుతో మజ్జిగ ఇచ్చి, మళ్ళీ వేసుకుంది. ఆమెకు ఇచ్చిన కదురు బావగారు వడికింది. కోపంలో ఉన్న మనిషి కూడా ఆ దారాన్ని లాగి చూసి, "గట్టిదే" అందని రాస్తున్నాను.

అలా పదే మిగిలాయి. పోవద్దని నువ్వు రాసినా, రాతి దిమ్మె రాట్నాన్ని ఒక్కసారి చూసి పోదామని దుర్గి వచ్చాను. పళ్ళెం తేలేదు. ఆకు కాదు కదా, వక్క పలుకు కూడా జేబులో లేకుండా చూసుకున్నాను.

నేను వెళ్ళేసరికి కొండమ్మ వడుకుతోంది. నన్ను చూసి ఆపలేదు. ఆ దిమ్మెను నేలలో మూరెడు లోతున పాతారు, అంచున తామర రేకులు చెక్కి ఉన్నాయి. చక్రం తిరుగుతుంటే వణుకన్నది లేదు. అలాంటి చప్పుడు నేనింతవరకు వినలేదక్కా. అరుగు చివర కూర్చుని, ఏమీ తోచక నా పెట్టె రాట్నం తెరిచి నేనూ వడికాను. రెండు చప్పుళ్ళూ కలిశాయి. జైలు నుంచి వచ్చాక నాకు ఒంటరిగా అనిపించని పూట అదొక్కటే.

చాలాసేపటికి ఆమె అంది: "పళ్ళెం ఏది?"

"తేలేదు. చూసి పోదామని వచ్చాను."

"ఊరూరా ఇచ్చుకుంటా వచ్చి, మా ఊరి దాకా వచ్చేతలికి అయిపొయ్యినయ్యా?"

"ఇచ్చినా ఈ రాట్నం కదలదు కదా. ఎలా తీసుకుపోతాను?"

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. వచ్చేటప్పుడు చేతిలో పళ్ళెం ఉంది. ఆకు, వక్క, పసుపు, ఆమె వడికిన నూలుతో నేసిన తువ్వాలు. దాన్ని నా చేతిలో పెట్టింది. పెట్టి, నా పక్కనున్న పెట్టె రాట్నం మూత వేసి, చంకన పెట్టుకుంది. "ఇది తేలిగ్గానే ఉందిలే" అని లోపలికి తీసుకుపోయింది. వాళ్ళమ్మ గడపలో నిలబడి అంతా చూస్తూనే ఉంది.

నేను దాని మీద ఎవరి చెయ్యీ పడనివ్వనని నీకు తెలుసు. అయినా ఆమెను ఆపలేదు.

అక్కా, మీ వైపు ఆచారంలో ఆడపిల్లే తాంబూలమిచ్చి మగవాడి రాట్నం తీసుకుపోతే ఏమైనట్టు? తిరిగి ఇచ్చేట్టయితే ఆమె కదురు నిండా వడికి ఇవ్వాలి. ఇది రాసేటప్పటికి మూడు రోజులైంది. రోజూ అదే అరుగు మీద తన రాట్నం మీద వడుకుతోంది, నా దాన్ని ముట్టుకోలేదు. నేనూ అడగలేదు.

బాలకోటయ్య

*

మాచర్ల,
జూన్ 17

బాలకోటయ్యకు అక్కా బావల ఆశీస్సులు. ఈసారి మీ బావ కూడా నోరు తెరిచి దీవించారు కనుక ఇద్దరి పేరూ రాశాను.

ఏమైనట్టని అడిగావు. అలా చేసిన పిల్ల ఇంతకు ముందు లేదు కాబట్టి ఆచారంలో జవాబు లేదు. మా అత్తగారిని అడిగాను. ఆమె "పిల్ల తెలివైంది" అని మాత్రం అంది.

ఆగస్టు పదిహేనుకు స్వరాజ్యమని పేపర్లో పడిందట. అధిక శ్రావణం ఆ మరునాటితో వెళ్ళిపోతుంది, పంచాంగం చూపించాను. ఆ వెనకనే నిజ శ్రావణంలో మంచి ముహూర్తాలున్నాయి. నీ ఒట్టును ఒక్క రోజు ముందు కూడా తప్పనివ్వను.

ఇక లెక్క చూసుకో. పేటలో ఏడు, వెల్దుర్తిది, రెంటచింతలది, అమీనా బీది, పది. నీ పెట్టె రాట్నం పదకొండు. కొండమ్మది పన్నెండు. అన్నీ ఒక్క కప్పు కింద ఉండాలన్నావు. ఆ పిల్ల రాట్నం నేలలో పాతి ఉంది, కదలదు. కాబట్టి మిగతావన్నీ అక్కడికే కదలాలి, వాటితో పాటు నువ్వూ. పేటలో ఇల్లు ఖాళీ చెయ్యి.

మీ బావ పడక కుర్చీ మళ్ళీ వరండాలోకి వచ్చింది, కానీ ఆయన అందులో కూర్చోవడం లేదు. తన కోసం చేయించుకుంటున్న పదమూడో రాట్నానికి దుర్గిలో చోటుంటుందా అని కనుక్కోమన్నారు.

పున్నమ్మ